నుదుటి మీద పుప్పొడి

తేనెపిట్టను ఫొటో తియ్యడానికి పట్టేది సెకనులో రెండువేలో వంతు. ఆ ఫొటోని కంప్యూటర్లో తెరిచి, ఏది ఉంచాలి, ఏది దిద్దాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి అని తేల్చుకోవడానికి ఒక్కోసారి సాయంత్రమంతా చాలదు. మొదటి పని గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏ కెమెరా, ఏ లెన్సు, ఎంత స్పీడు అని ఎవరిని అడిగినా చెబుతారు. నా మనసు మాత్రం రెండోదాని చుట్టూనే తిరుగుతూ ఉంటుంది.

మాది రాజమహేంద్రవరంలో పాత ఇల్లు. వెనక పెరడు పెద్దదేమీ కాదు. ఒక మునగచెట్టు, గోడవారన దానిమ్మ, మందారాలు, కరివేపాకు, పందిరికి పాకించిన రాధామనోహరం. కడియం నర్సరీలు దగ్గరే కాబట్టి కుండీలు మాత్రం ఏటేటా పెరుగుతుంటాయి. మునగ పూసిందంటే పొద్దున్నే తేనెపిట్టలు దిగుతాయి. మా వైపు ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకదాని మగది పసుపు పొట్ట, ఊదా మెడ, నెత్తిన ఆకుపచ్చ మెరుపుతో ఉంటుంది. ముక్కు నుంచి తోక దాకా కొలిచినా పది సెంటీమీటర్లు దాటదు. రెండోదాని మగది నిలువెల్లా నలుపు, ఎండ తగిలితే నీలం, ఊదా. కరివేపాకు పళ్లు నల్లబడితే పిగిలిపిట్టలు వస్తాయి. కుండీల మధ్య తోక నిక్కబొడుచుకుని నల్లంచి తిరుగుతుంది. ఆకుల మాటున దర్జీపిట్ట ఉంటుంది. దాని గొంతు వీధి చివరికి వినిపిస్తుంది, మనిషి మాత్రం కంటికి దొరకడు అన్నట్టుగా అది ఎక్కడుందో తెలియదు. పక్కింటి మామిడికొమ్మకు బదనిక పట్టింది. ఆ పళ్ల కోసం ఫ్లవర్‌పెకర్ అనే బుల్లిపిట్ట వస్తుంది. ఎనిమిది సెంటీమీటర్లు, బూడిదరంగు, మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఒకటి. మా వీధిలో చాలామంది దాన్ని చూడనే లేదు.

పక్షుల ఫొటోలంటే అందరూ నేలపట్టు వెళ్తారు, కొల్లేరు వెళ్తారు, పులికాట్‌లో ఫ్లెమింగోల కోసం మైళ్లు నడుస్తారు. నేనూ వెళ్లాను, ఆ అందం కాదనను. అయినా పెరటి పిట్టని తియ్యడంలో ఉన్నదే వేరు. సరస్సులో వేల కొంగల్లో ఏ కొంగ ఏదో మనకు తెలియదు. పెరట్లో అలా కాదు. మునగచెట్టుకి వచ్చే ఆ నల్లటి మగపిట్ట రోజూ వచ్చేదే. పువ్వు దగ్గరికి పోయేముందు అది వాలే ఎండుపుల్ల ఏదో నాకు తెలుసు. దానికి కుడి రెక్కలో ఒక ఈక ఊడిందనీ తెలుసు. అంటే నేను తీస్తున్నది తేనెపిట్ట జాతి ఫొటో కాదు, ఈ పిట్ట ఫొటో. ఈ తేడా మనసులో నాటుకున్నాక కంప్యూటర్ ముందు చేసే పనంతా మారిపోతుంది.

తియ్యడం గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే దిద్దడంలో వచ్చే చిక్కులన్నీ అక్కడే పుడతాయి. చిన్నపిట్ట ఒక్క క్షణం కుదురుగా ఉండదు. తల తిప్పుతుంది, తోక ఆడిస్తుంది, రెక్క విదిలిస్తుంది. ఆ కదలికను ఆపాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు కన్నా వేగంగా పడాలి. పువ్వు ముందు గాల్లో నిలబడి రెక్కలాడిస్తుంటే ఇంకా వేగం కావాలి. అంత వేగానికి లోపలికి వచ్చే వెలుతురు చాలదు. అది ఉండేది ఆకునీడలోనాయె. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచాలి, మూడువేలకో ఆరువేలకో. పెంచితే బొమ్మ నిండా రవ్వరవ్వగా నాయిస్ వస్తుంది. ఇంకో చిక్కు లోతుది. 400 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్ 5.6 దగ్గర, ఐదు మీటర్ల దూరంలో ఉన్న పిట్టను ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో తీస్తే స్పష్టంగా కనిపించే మందం సుమారు ఐదు సెంటీమీటర్లు. మూడు మీటర్లకు జరిగితే అది రెండు సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకబారుతుంది, తోకకు కుదిరితే కన్ను పోతుంది. కన్ను పోయిన ఫొటోని నేను ఉంచను. మిగతా ఒళ్లంతా ఎంత బాగా వచ్చినా, కన్ను మసకగా ఉంటే అందులో పిట్ట ఉన్నట్టు అనిపించదు.

కెమెరాని పిట్ట కన్ను ఎత్తుకు దించాలి. నల్లంచిని నిలబడి తీస్తే దాని వీపూ నేలా వస్తాయి, అంతే. చాప పరుచుకుని పడుకుని తీస్తే దాని లోకం వస్తుంది. వెనక గోడ దగ్గరగా ఉంటే ప్రతి పెచ్చూ కనిపిస్తుంది, దూరంగా ఉంటే ఒకే రంగుగా కరిగిపోతుంది. పుష్యమాసపు పొద్దుల్లో ఎండ వాలుగా, మెత్తగా పడి ఎనిమిదిన్నర దాకా మనకు పనికొస్తుంది. వేసవిలో ఏడు దాటితే నేల నుంచి సెగ లేచి, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఈకలు నీళ్లలో చూసినట్టు అలలు అలలుగా వస్తాయి. ఆ రోజుల్లో కెమెరా లోపల పెట్టి, మూకుట్లో నీళ్లు పోసి చెట్టుకింద ఉంచడమే మంచిది.

ఇక సాయంత్రం పని.

ఒక మగ తేనెపిట్ట ఫొటో బాగా వచ్చింది. గోడకి పెట్టుకుందామని పెద్దసైజు ప్రింటు కోసం మా బజార్లో ఒక స్టూడియోకి ఇచ్చాను. పెళ్లి ఆల్బమ్‌లు చేసే చోటు. అక్కడి కుర్రాడు పనిమంతుడు, వేళ్లు కీబోర్డు మీద పరుగెడుతుంటాయి. మర్నాడు వెళ్తే తెర మీద చూపించాడు.

"మేడం, నుదుటి మీద పసుపుపచ్చ మరకుంది కదా, తీసేశాను. ఒళ్లంతా కొంచెం షార్ప్ కొట్టాను. చూడండి ఎలా వచ్చిందో."

నిజంగానే మెరిసిపోతోంది. పెళ్లికూతురి బుగ్గ మీది మొటిమ తీసేసినంత నేర్పుగా తీసేశాడు.

"అది మరక కాదు బాబూ," అన్నాను. "పుప్పొడి."

"పువ్వులోదా అండి?"

"అవును. బదనిక పువ్వులో ముక్కు పెట్టి తేనె తాగేటప్పుడు నుదుటికి అంటుకుంటుంది. అదే నుదురు పోయి ఇంకో పువ్వుకి తగిలితే అది కాయ కడుతుంది."

కాసేపు తెరకేసి చూశాడు. "మరి చూసేవాళ్లకి ఎలా తెలుస్తుందండి? మురికి అనుకుంటారు కదా," అన్నాడు.

ఆ కుర్రాడు అడిగినది చిన్న ప్రశ్న కాదు. అతను తన చేతికి తెలిసిన అందాన్ని ఆ పిట్టకి ఇచ్చాడు, అందులో ప్రేమే ఉంది తప్ప తప్పు లేదు. కానీ ఆ పసుపు మరకతో పాటు పోయింది చాలా ఉంది. బదనిక మామిడిచెట్టుకి పరాన్నజీవి, దాని సారం లాగేస్తుంది కాబట్టి రైతులు కొమ్మతో సహా నరికేస్తారు. అయితే ఆ మొక్క బతుకంతా పిట్టల మీదే నడుస్తుంది. దాని పొడవాటి గొట్టంలాంటి పువ్వుకి తేనెపిట్ట కావాలి. దాని పండుకి ఫ్లవర్‌పెకర్ కావాలి. అది గుజ్జు తిని, జిగురుపట్టిన గింజను కొమ్మకు రుద్ది వదిలించుకుంటుంది. ఆ గింజ అక్కడే అతుక్కుని మొలుస్తుంది. నా ఫొటోలో ఆ నుదుటి మీద ఉన్నది ఆ పొద్దున పక్కింటి మామిడి మీదా మా గోడ మీదా జరిగిన పనికి సాక్ష్యం. దాన్ని తీసేస్తే మిగిలేది క్యాలెండర్ మీద వేసుకునే నల్లటి పిట్ట.

ఫొటోని అసలు దిద్దకూడదు అనేవాళ్లు ఉన్నారు. కెమెరా ఇచ్చినది ఇచ్చినట్టు ఉంచాలి, అదే నిజం అంటారు. వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవమే గానీ, ఆ మాట నిలవదు. కెమెరా ఇచ్చేది నిజం అనుకోవడంలోనే పొరపాటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో ఒక పేటెంటు పొందాడు. ఇవాళ్టి కెమెరాల్లో, ఫోన్లలో చాలావాటికి మూలం అదే. సెన్సర్ మీది ప్రతి నాలుగు చుక్కల్లో రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం జల్లెడ ఉంటుంది. అంటే ఒక్కో చుక్క ఒక్క రంగునే కొలుస్తుంది. మిగతా రెండు రంగులూ పక్క చుక్కల్ని చూసి లెక్కగట్టేవే. ఆకుపచ్చ రెండింతలు ఎందుకంటే మనిషి కన్ను వెలుగునీడల వివరాన్ని ఎక్కువగా ఆ రంగులోనే పట్టుకుంటుంది కాబట్టి. ఇలా కొలిచిన అంకెల కుప్పనే రా ఫైలు అంటాం. దాన్ని ఉన్నదున్నట్టు చూస్తే చీకటిగా, పచ్చగా, పిట్ట అని పోల్చుకోవడానికే కష్టంగా ఉంటుంది. కెమెరా మనకు చూపించే జేపెగ్ బొమ్మ అప్పటికే ఎవరో ఇంజనీరు ముందుగా రాసిపెట్టిన అభిరుచి ప్రకారం దిద్దినది. ఫిల్ము రోజుల్లోనూ అంతే కదా. చీకటిగదిలో కాగితం మీద వెలుగు పడుతుంటే చేతులు అడ్డుపెట్టి ఒకచోట తక్కువ, ఒకచోట ఎక్కువ పడనిచ్చేవాళ్లు. దిద్దని ఫొటో అనేది ఎప్పుడూ లేదు.

కాబట్టి తేల్చుకోవలసింది దేని కోసం దిద్దుతున్నాం అన్నది. నా మటుకు నేను చూసినదాన్ని కెమెరా ఎంత పోగొట్టిందో అంత తిరిగి తేవడానికి దిద్దుతాను. నేను చూడనిదాన్ని, పిట్టలో లేనిదాన్ని తేవడానికి కాదు. చెప్పడానికి తేలిగ్గానే ఉంది. పని దగ్గరికొచ్చేసరికి రంగు దగ్గరే మొదటి చిక్కు ఎదురవుతుంది.

ఆ మగ తేనెపిట్ట ఏ రంగు? నలుపా, నీలమా, ఊదానా? దాని ఈకల్లో నీలంరంగు పదార్థం ఏదీ లేదు. ఉన్నది మెలనిన్, మన జుట్టుని నల్లగా ఉంచేదే. ఆ రేణువులు ఈక నూగులో పొరలు పొరలుగా, చాలా క్రమంగా పేర్చి ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు ఆ పొరల నుంచి తిరిగి వచ్చేటప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి, కొన్ని చెరిపేసుకుంటాయి. అందుకే పిట్ట కాస్త తల తిప్పితే ఊదా నీలమవుతుంది, ఇంకాస్త తిప్పితే నల్లబడిపోతుంది. సబ్బు నురగ మీద తేలే రంగులకూ కారణం వెలుగు ఆడే ఆటే. మరి ఫొటోలో ఒక్క క్షణమే, ఒక్క కోణమే ఉంటుంది. ఆ క్షణంలో అది నల్లగానే ఉంటే? నీడల మీటను పైకి జరిపి, ఊదాని లాగి, నిలువెల్లా మెరిసేలా చెయ్యొచ్చు. చాలామంది చేస్తారు. అప్పుడు తలా మెడా వీపూ పొట్టా ఒకేసారి మెరుస్తాయి. సూర్యుడు ఒకవైపే ఉన్నప్పుడు అలా మెరిసే తేనెపిట్టని ఎవరూ చూసి ఉండరు. నేను ఆ నలుపుని నలుపుగానే వదిలేస్తాను. నుదుటి నుంచి భుజం దాకా ఎండ తగిలినచోట ఎంత నీలం వస్తే అంత నీలం. మిగతాది నీడ. ఆ రంగు వెలుగుతో పాటు కదిలేదని చూసేవాళ్లకి తెలిసేది ఆ నీడ వల్లే.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలైతే పక్షి కంట్లో నాలుగు రకాలు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతిలో కూడా చాలా పక్షులు చూడగలవు. కెమెరా సెన్సర్ ముందు ఆ కాంతిని ఆపేసే గాజుపలక ఉంటుంది. అంటే ఆడ తేనెపిట్ట తన మగడిలో చూసే రంగు నా ఫొటోలో రాదు, నేనెంత దిద్దినా రాదు. మనం తీసేది ఎప్పటికీ మనిషి కంటికి అందిన పిట్టే. ఇది తెలిశాక మీటల మీద చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

రంగు విషయంలో ఇంకా గట్టి కారణమూ ఉంది. దక్షిణ భారతంలో లోటెన్స్ తేనెపిట్ట అని ఇంకొకటుంది. దాని మగది కూడా చూడ్డానికి నల్లటి మెరుపే. ముక్కు మరింత పొడుగ్గా, మరింత వంపుగా ఉంటుంది. పొట్ట మాత్రం మసిబారిన గోధుమరంగు. మామూలు నల్ల తేనెపిట్టకి పొట్ట కూడా నలుపే. ముక్కు పక్కకి తిరిగి సరిగా కనబడని ఫొటోలో పొట్ట రంగే ఆధారం. బొమ్మకు బిగువు రావాలని నలుపు మీటను కిందికి లాగామనుకోండి, ఆ గోధుమరంగు కాస్తా మునిగిపోతుంది. ఫొటో అందంగా ఉంటుంది, పిట్ట మాత్రం మారిపోతుంది. పచ్చటి ఆకుల కింద కూర్చున్న ఆడపిట్టకి పొట్ట మీద ఆకుల పచ్చదనం పడుతుంది. అది దాని రంగు కాదు, పైన ఆకుల నుంచి వచ్చింది. వైట్ బ్యాలెన్స్ సవరించి దాన్ని తగ్గించడం న్యాయమే. కానీ ఎంత తగ్గించాలి? కొంచెం ఎక్కువ తగ్గిస్తే అసలు పసుపే ఇంకో పసుపవుతుంది. అందుకే పిట్ట ఎగిరిపోయాక అదే కొమ్మ దగ్గర తెల్లకాగితం పట్టుకుని ఒక ఫొటో తీసుకుంటాను. కళ్లు మరిచిపోయినా కాగితం మరవదు.

నాయిస్ సంగతి వేరు. ఇక్కడ గత కొన్నేళ్లలో వచ్చిన మార్పు చాలా పెద్దది. 2023 వసంతంలో అడోబీ లైట్‌రూమ్‌లోకి కృత్రిమ మేధతో నాయిస్ తీసే పద్ధతి వచ్చింది. అలాంటి సాఫ్ట్‌వేర్లు అంతకుముందు నుంచీ ఉన్నాయి. చీకట్లో తీసిన దర్జీపిట్ట ఫొటో, పూర్వమైతే పారేసేది, ఇప్పుడు కాసేపట్లో కడిగినట్టు వస్తుంది. దాన్ని నేను వాడతాను, సంతోషంగా వాడతాను. ఆకునీడలో బతికే పిట్టలకు అది మేలే చేసింది. కానీ మీటను ఒక హద్దు దాటించి చూడండి. రొమ్ము మీద మసకగా ఉన్నచోట సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి పొందికగా మొలుస్తాయి. చూడగానే ఎంత బాగుందో అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ గీతలు పిట్ట ఈకలు పెరిగే దిక్కున లేవు. ఆ యంత్రం ఎన్నో బొమ్మలు చూసి ఈకలంటే ఇలా ఉంటాయని నేర్చుకుంది, ఇక్కడ ఏమీ కనబడకపోయేసరికి తనకు తెలిసిన ఈకలు పరిచింది. అవి ఏ పిట్టవీ కావు. అలాంటి సగటు పిట్ట ఏ కొమ్మ మీదా వాలదు. నాకు మసకగా వచ్చిన రొమ్ము మసకగా ఉంటేనే ఇష్టం. ఆ రోజు వెలుతురు చాల్లేదు, అంతే కదా. ఆ రొమ్ము గురించి నా దగ్గర ఉన్నదంతా ఆ మసకే.

ఏది తీసెయ్యొచ్చు అన్నది కూడా ఇక్కడే వస్తుంది. పిట్ట ముఖానికి అడ్డంగా ఎండుపుల్ల ఉంది, తీసెయ్యనా? వెనక ఇంటి ప్లాస్టిక్ పైపు కనిపిస్తోంది, తీసెయ్యనా? ఇందులో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. నేను ఫొటో అంచుల్ని కత్తిరిస్తాను గానీ లోపల ఉన్నదాన్ని తీసెయ్యను. పైపు కనిపిస్తే కనిపించనీ. ఆ పిట్ట అడవిలో లేదు, మా ఇళ్ల మధ్య ఉంది, పైపు పక్కనే తన సంసారం చేసుకుంటోంది. పిట్ట ఒంటి మీద ఉన్నదాని జోలికి మాత్రం అస్సలు పోకూడదని నా నమ్మకం. దర్జీపిట్ట అరిచేటప్పుడు మెడ పక్కన నల్లటి గీత బయటపడుతుంది. మామూలుగా ఉన్నప్పుడు అది కనబడదు. మెడ సాచినప్పుడు ఈకలు ఎడమై, కింద ఉన్న నల్లని చర్మం కనిపించడమది. తెలియనివాళ్లు దాన్ని నీడ అనుకుని తేలిక చేసేస్తారు. అది పోతే పిట్ట అరుస్తున్నట్టే ఉండదు. మగ తేనెపిట్ట ఆడదాని ముందు ఆడేటప్పుడు రెక్కల మొదట్లోంచి పసుపు, నారింజ కలిసిన చిన్న కుచ్చు బయటికొస్తుంది. అదొక్క క్షణం. మామూలు కంటికి అందదు, కెమెరాకి అందుతుంది. దాన్ని ఏదో పూరేకు అంటుకుందనుకుని తుడిచేసిన ఫొటోని చూశాను.

పక్షుల గురించి మనకు తెలిసినదంతా ఒకప్పుడు తుపాకీ మీదే నడిచింది. 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకి వచ్చిన సలీం అలీ కాలంలోనూ అదే పద్ధతి. పిట్టను కొట్టి, చర్మం వొలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి సొరుగుల్లో దాచేవాళ్లు. ఆ చీటీ మీద చోటు, తేదీ, ఆడో మగో, ఈకలు రాల్చే దశలో ఉందో లేదో అన్నీ ఉండేవి. అరిగిన తోకని ఎవరూ కొత్త తోకగా దిద్దలేదు. దిద్దితే ఆ పిట్ట చావుకి అర్థమే లేకుండా పోయేది. దానికి చాలా ముందే, 1882లో, ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే తుపాకీ ఆకారంలోనే ఒక కెమెరా చేశాడు. ఎగిరే పక్షికి గురిపెట్టి మీట నొక్కితే సెకనుకి పన్నెండు ఫొటోలు పడేవి, పక్షి తన దారిన తాను పోయేది. అతనికి కావలసింది అందమైన బొమ్మ కాదు, రెక్క ఏ క్షణంలో ఎలా వంగుతుందో తెలియడం. ఇవాళ మన చేతిలో ఉన్నది అతని పనిముట్టుకి వారసురాలే. ప్రాణం తియ్యకుండా పిట్టను తెలుసుకునే దారి ఇన్నాళ్లకి అందరికీ దొరికింది. అలాంటి దారి దొరికాక కూడా, తీసినదాన్ని అబద్ధం చేసి దాచుకుంటామా?

గూడు గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. తేనెపిట్ట గూడు చూస్తే వేలాడే చెత్తలా ఉంటుంది. ఆడపిట్ట సాలెగూటి దారాలతో బెరడు ముక్కలు, ఎండుటాకులు, పురుగుల పెంట అన్నీ అతికి, పక్కన ఒక గుమ్మం, గుమ్మం మీద చిన్న చూరు పెట్టి కడుతుంది. వరండాలో తీగకి కూడా కట్టేస్తుంది. చెత్త అనుకుని చీపురుతో దులిపేసే ఇళ్లున్నాయి. ఫొటో కోసమని చుట్టూ ఆకులు తుంచి గూటిని బయటపెట్టేవాళ్లూ ఉన్నారు. ఫొటో శుభ్రంగా వస్తుంది, సాయంత్రానికి కాకి వస్తుంది. ఆ చెత్తరూపమే, ఆ ఆకుల మాటే దానికి రక్ష. అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించి ఇబ్బంది పెట్టడాన్ని మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందే లెక్కగట్టింది. పిల్లలు ఎగిరిపోయేదాకా గూటివైపు లెన్సు తిప్పకపోతే మనకు పోయేదేమీ లేదు. చెత్తలాంటి గూటిని శుభ్రం చెయ్యాలనిపించే మనసూ, నుదుటి మీది పుప్పొడిని తుడవాలనిపించే మనసూ ఒకటే.

ఈ మధ్య నాకు బాగా నచ్చిన ఫొటో ఒకటుంది. చూసినవాళ్లలో చాలామందికి నచ్చలేదు. జోడుకట్టే కాలం అయిపోయాక నల్ల తేనెపిట్ట మగది తన మెరుపు ఈకలు రాల్చేసుకుని ఆడపిట్టలా బూడిదగా, పసుపుగా మారిపోతుంది. గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి గీత ఒకటే మిగులుతుంది. ఆ మారే రోజుల్లో తియ్యగా వచ్చింది ఇది. భుజం మీద అక్కడక్కడా నీలం, తల మీద మాసికలు, మెడ దగ్గర ఈకలు ఊడి చర్మం కనబడుతోంది. కన్ను మాత్రం అచ్చంగా వచ్చింది, అందులో మా పందిరి కూడా కనిపిస్తుంది. పక్కింటి పిన్నిగారు చూసి, "ఏమ్మా, పాపం దీనికేమైనా జబ్బు చేసిందా?" అన్నారు. "లేదు పిన్నీ, బట్టలు మార్చుకుంటోంది," అన్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు. మునగచెట్టు కింద వారంపాటు తచ్చాడి, "అదుగో, నీ ఫొటోలోదే," అని నన్ను పిలిచి చూపించారు. నిలువెల్లా మెరిసే ఫొటో పెట్టి ఉంటే ఆవిడకి ఆ పిట్ట దొరికేది కాదు.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినం అని మన ఊళ్లలో ప్రదర్శనలు పెడుతుంటారు, కాలేజీల్లో పోటీలు జరుగుతాయి. పక్షుల ఫొటోలకైనా ఒక పద్ధతి పెడితే బాగుండునని నాకు చాలాకాలంగా ఉంది. దిద్దిన ఫొటో పక్కనే కెమెరా ఇచ్చిన ఫొటోని కూడా అదే సైజులో వేలాడదియ్యాలి. కింద చీటీలో ఊరు, తేదీ, ఏ చెట్టు, ఏమేం దిద్దారు, ఏమేం తీసేశారు అని రెండు ముక్కలు రాయాలి. తీసేసినందుకు శిక్ష ఏమీ అక్కర్లేదు. పిల్లలు వచ్చి ఆ రెండింటినీ పక్కపక్కన చూస్తే చాలు. ఎక్కడ వెలుగు తెచ్చారో, ఎక్కడ పిట్టనే మార్చేశారో వాళ్లే పట్టుకుంటారు. ఈసారి మా ఊళ్లో నిర్వాహకుల్ని అడిగాను, ఆలోచిస్తామన్నారు. వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నేను ఈకలు మార్చుకుంటున్న ఆ మగపిట్టని అలాగే ఇస్తాను. దిద్దినదాంట్లో నేను చేసినవి మూడే: అంచు కత్తిరించాను, ఆకుల పచ్చదనం తగ్గించాను, వెనక నీడలో నాయిస్ తీశాను. ప్రింట్లు మళ్లీ ఆ స్టూడియో కుర్రాడికే ఇచ్చాను. కెమెరా ఇచ్చినదాంట్లో రవ్వ ఎక్కువగా ఉంది కాబట్టి రెండూ మాట్ పేపర్ మీదే వెయ్యాలని అతనే చెప్పాడు. మెడ దగ్గర ఊడిన ఈకల్ని చూపించి, "ఇది కూడా ఇలాగే ఉంచాలి కదా మేడం?" అని అడిగి, చీటీలో ఆ సంగతి కూడా రాయమన్నాడు.